నీళ్ళు లోపలికి, నూనె బయటికి

సుజాతను కాల్చి చంపింది నీళ్ళు. ఈ మాట చెబితే పోలీసు స్టేషన్‌లో నవ్వారు. మీరు నవ్వకండి. షిఫ్టు దిగి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి వింటున్న అన్నలారా, హాస్టల్ వరండాలో కూచుని వింటున్న చెల్లెళ్ళారా, నేను కళ్ళారా చూసిందే చెబుతున్నాను.

కుందలహళ్ళి దాటి తూర్పుకు పోతే బండెపాళ్యం వస్తుంది. అక్కడ ఉండేది తెలుగు మాట్లాడే రాళ్ళు కొట్టేవాళ్ళు. బెంగళూరులో పాత బంగళాల మెట్లు, కాలవల గోడలు, రోడ్ల అంచు రాళ్ళు వాళ్ళ తాతలు కొట్టి ఇచ్చినవే. క్వారీ మూతపడ్డాక ఆ గుట్ట కడుపులో ఒక కంపెనీ లోతైన గుహలు తొలిపించింది. విమానాలకు పోసే ఇంధనాన్ని అందులో నిల్వ చేస్తారు. పేరు గొప్పదే గానీ దాని వాసన మన కిరోసిన్ వాసనే. గుహలు తొలిచిన కూలీలు కూడా పాళ్యం వాళ్ళే. పని అయిపోగానే వాళ్ళను బయటికి పంపి కంపెనీ గేటు వేసుకుంది. మగవాళ్ళు నీళ్ళ ట్యాంకర్లకు డ్రైవర్లయ్యారు. ఆడవాళ్ళు టెక్ పార్కులో నేల తుడిచే పనికి కుదిరారు. నేను ఆ తుడిచేవాళ్ళ యూనియన్‌లో పని చేస్తాను. నా పేరు సావిత్రమ్మ.

ఆ ఎండాకాలం ఊరంతా నీళ్ళకు అల్లాడుతోంది. ఒక పొద్దున మా యూనియన్‌లోనే ఉన్న సుజాతను వెంటబెట్టుకుని టెక్ పార్కు గేటు మీటింగ్‌కు పోదామని వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ అక్కయమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. ఇంటి పక్కనే రేకుల స్నానాల గది. అందులో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచే రాగి హండే.

"కూసోక్కా, నీళ్ళు కాగిండాయి. బేగ పోసుకొని వచ్చేస్తా" అంది సుజాత. లోపలికి పోయి పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

బుస్సుమంది. పైరేకు లేచిపడింది. తలుపు తెరుచుకుని సుజాత బయటికొచ్చింది. చీర, జుట్టు, చేతులు, అన్నీ మంటే. ఆమె వెనక నాకు హండే కనిపించింది. మంట పొయ్యిలో లేదు. హండే మూతిలో ఉంది. నీళ్ళ మీద పచ్చగా, నీలంగా లేస్తోంది.

నేను డ్రమ్ములోని నీళ్ళు బిందెతో ముంచి ఆమె మీద పోశాను. మంట ఆరలేదు, పాకింది. ఎదురింటి పాపక్క అరుచుకుంటూ వచ్చింది. "ఆ నీళ్ళు పొయ్యొద్దక్కా! ఇసక! ఇసక తెండి!" అక్కయమ్మ కంబళి పట్టుకుని కూతురి మీద పడింది. పడి, ఇద్దరూ నేల మీద దొర్లారు. అప్పుడు ఆరింది.

సాయంత్రానికి పెద్దాసుపత్రిలో సుజాత చనిపోయింది. చనిపోయే ముందు తల్లితో ఒకే మాట అంది. "నీళ్ళు మండినాయమ్మా."

శవాన్ని బయటికి తీసుకురాకముందే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అతని వెనకే గోపాలప్ప వచ్చాడు. నీళ్ళ ట్యాంకర్ల కాంట్రాక్టర్ ఈ గోపాలప్ప. పాళ్యం డ్రైవర్లంతా అతని బండ్లే నడుపుతారు. అతనిదీ మన తెలుగే, మన యాసే. "అప్పా, అమ్మా" అని తప్ప నోరు తెరవడు. ఎప్పుడూ అట్లా పలకరించే రక్తం తాగాడు.

ఇన్‌స్పెక్టర్ కాలిన చీర ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కిరోసిన్" అన్నాడు. అక్కయమ్మ వైపు తిరిగాడు. "అల్లుడు తాగుతాడా?"

అక్కయమ్మ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "అప్పుడప్పుడు తాగుతాడు సామీ."

"కొడతాడా?"

"ఎప్పుడో ఒకసారి చెయ్యి చేసుకున్యాడు. నేను తిట్టినాను. మళ్ళా ఎప్పుడూ..."

"చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వాళ్ళకు అంతే చాలు. సుజాత మొగుడు అచ్యుత్ అప్పుడే ట్యాంకర్ దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. భార్య ముఖం చూడనివ్వకుండానే అతని చేతులు వెనక్కి విరిచారు. తాగిన మైకంలో భార్య మీద కిరోసిన్ పోసి తగలబెట్టాడని కేసు.

పాపక్క ఇన్‌స్పెక్టర్‌కు అడ్డం పోయింది. "సార్, రేషన్ కిరోసిన్ ఆగిపోయి ఎన్నేండ్లాయె? మా పాళ్యంలో ఏ ఇంట్లోనైనా ఒక సుక్క ఉంటే సూపించండి. ఆయప్ప పొద్దు పుట్టకముందే బండెక్కి పోయిండాడు. మా బోరు నీళ్ళలోనే నూనె వస్తా ఉండాది సార్. నెల నుంచీ వాసన. కంపెనీవాళ్ళకు సెప్తే పైపుల తుప్పు అన్యారు."

"నీళ్ళు మండుతాయా?" అని ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుళ్ళ వైపు చూశాడు. అందరూ నవ్వారు. గోపాలప్ప నవ్వలేదు. అది నేను చూశాను.

సుజాతను మట్టి చేసిన పొద్దున గోపాలప్ప పూలదండ పట్టుకుని వచ్చాడు. అక్కయమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అల్లుడు ఇట్లాంటోడని ఎవురికి తెలుసమ్మా? ఏం కావాలన్నా నన్నడుగు. సుమ్నే ఊరికే గలాటె మాత్రం సేసుకోవద్దండి."

అక్కయమ్మ దండ తీసుకోలేదు. ఏడవలేదు కూడా. అతను పోయేదాకా అతని చెప్పుల వైపు చూస్తూ కూచుంది.

ఆ మరునాడు క్వారీ గుంత అంచున పాళ్యమంతా కూడింది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. నేను మాట్లాడడానికి లేచేలోపే పాపక్క డ్రైవర్ల మీద విరుచుకుపడింది.

"ఏమప్పా, మీ తోటి డ్రైవర్ జైల్లో ఉండాడు. మీరు మాత్రం పొద్దున్నే లేచి ఆ గోపాలప్ప బండ్లే తోల్తా ఉండారు. సిగ్గు లేదా?"

మంజునాథ్ లేచాడు. గోపాలప్ప దగ్గర అందరికంటే పాత డ్రైవర్ అతను. "అక్కా, అచ్యుత్‌ను వాడు ఎందుకు పట్టిచ్చినాడో మాకు తెలుసు. సెప్పేకి భయపడినాము."

"ఇప్పుడు సెప్పు."

"గుట్ట లోపలికి దినమూ నీళ్ళు పొయ్యాల. కంపెనీ కాంట్రాక్టు అదే. రేయీ పగలూ అక్కడ సంపులో నీళ్ళు నిండుతా ఉండాల. ఎండాకాలం మొదలైనప్పట్నుంచి మా బండ్లు గుట్టకు పోలేదక్కా. బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లకు తిప్పినాడు. వాళ్ళు ఎంత అడిగితే అంత ఇస్తారు కదా. కంపెనీ మేనేజరుకు తెలిసే జరిగింది. ఇద్దరూ పంచుకున్యారు. అచ్యుత్ అడ్డం తిరిగినాడు. గుట్టకు నీళ్ళు ఆగినప్పట్నుంచే మా ఇంట్లో నీళ్ళు వాసనొస్తా ఉండాయి, నేను నలుగురికీ సెప్తా అన్యాడు. ఆ వారంలోనే సుజాత..."

అప్పటికే కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. అందరికంటే ముందు శ్రీకాంత్. సుజాతకు చిన్నాయన కొడుకు, ఫుడ్ డెలివరీ చేస్తాడు. గొంతు పగిలేట్టు అరిచాడు. "వాని షెడ్డు తగలబెడదాం! బండ్లన్నీ బూడిద సేద్దాం! మా అక్క ఎట్ల కాలిందో వాడూ అట్లే కాలాల!"

జనం హోరుమన్నారు. నాకూ రక్తం పొంగింది. యూనియన్ మనిషిని కదా, ఆపాలి అనుకున్నాను. కానీ ఆపలేదు. నాకూ అదే కావాలనిపించింది.

అక్కయమ్మ అప్పుడు మాట్లాడింది. కూతురు పోయాక అదే మొదటిసారి. "బండ్లు కాలిస్తే వానికి ఇన్సూరెన్సు వస్తాది. మీకు జైలు వస్తాది. వాడు కొత్త బండ్లు తెస్తాడు. నాకు అది వద్దు."

"మరి ఏం కావాల పెద్దమ్మా?" అన్నాడు శ్రీకాంత్.

"నా బిడ్డను తిన్నది యాది? ఆ గుహ. ఈ గోపాలప్ప దానికి కుక్క, అంతే. ముందు దాని సంగతి తెలుసుకోవాల. నీళ్ళు ఆగితే నూనె ఎట్ల పైకొచ్చింది? అది ఎవురైనా సెప్పండి నాకు."

మాలో ఎవరికీ తెలియదు. గుహ తొలిచినవాళ్ళకు కూడా తెలియదు. తొలవమన్నారు, తొలిచారు. ఎందుకు ఎట్లా అని ఎవరూ చెప్పలేదు.

చెప్పగల మనిషి రెండు రోజుల తర్వాత తనంతట తానే నా దగ్గరికొచ్చింది. పేరు గీతాంజలి, ఊరు ఖమ్మం. కంపెనీ ఆఫీసు కుందలహళ్ళి టెక్ పార్కులో ఉంది. అక్కడ కాంట్రాక్టు ఇంజినీరు. గుట్ట చుట్టూ కంపెనీ తవ్విన పరిశీలన బావుల్లో నీటిమట్టం కొలవడం, ఆ నీళ్ళలో నూనె ఉందేమో చూడడం ఆమె పని. సుజాత తుడిచేది ఆ ఆఫీసునే. "మేడమ్, నేను మీ వాళ్ళతో మాట్లాడాలి. జాబ్ పోయినా పర్లేదు" అంది. అప్పటికప్పుడే ఆమెను పాళ్యానికి తీసుకుపోయాను.

క్వారీ అంచున అందరి నడుమా నిలబడి చెప్పింది. "ఆ గుహలకు లోపల ఐరన్ షీట్ లేదు, సిమెంట్ గోడ లేదు. ఉత్త రాయే. రాయి నిండా సన్నటి పగుళ్ళు ఉంటాయి. ఆ పగుళ్ళలో నీళ్ళు నిండుగా ఉండి, చుట్టూరా లోపలికి నొక్కుతుంటే, నూనె బయటికి కదల్లేదు. అంటే అక్కడ నీళ్ళే గోడ. అందుకే గుహల పైన ఇంకో సొరంగం తవ్వి, అందులోంచి రాయిలోకి ఎప్పుడూ నీళ్ళు వదులుతుంటారు. ఆ నీళ్ళు ఆగిపోయినాయి. ఎండాకాలం, చుట్టుపక్కల బోర్లన్నీ తోడేస్తున్నారు. లెవెల్ డ్రాప్ అయిపోయింది. గోడ పడిపోయినట్టే. నూనె పగుళ్ళ వెంట మీ వైపు వచ్చింది. నూనె నీళ్ళ మీద తేలుతుంది కదా, మీ బోరులో నీళ్ళు మోటారు దాకా దిగిపోగానే మోటారు పైనున్న నూనెను పీల్చింది."

ఎవరో వెనక నుంచి అడిగారు. "నీకు ఎప్పుడు తెలిసె?"

గీతాంజలి తల దించింది. "ముందే తెలిసింది. పాళ్యం పక్క బావిలో మట్టం పడిపోతోందని, పైన నూనె కనిపిస్తోందని మేనేజర్‌కు చెప్పాను. ఆ బావి ఖరాబైంది, మూత వేసి రీడింగ్ ఆపెయ్ అన్నాడు. నేను... ఆపేశాను."

పాపక్క ఒక్క అంగలో వచ్చి ఆమె చెంప పగలగొట్టింది. "అది నీ కాళ్ళ కింద నేల తుడిసింది మేయ్! దినమూ నీ మొకం సూసింది! 'మీ ఇంట్లో నీళ్ళు కాంచొద్దు సుజాతా' అని ఒక మాట సెప్పేకి నీకు నోరు రాలేదా?"

గీతాంజలి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అక్కడే నిలబడింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి గానీ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. "కొట్టండి. కానీ నేను చెప్పాల్సింది ఇంకా ఉంది, అది విని కొట్టండి."

అక్కయమ్మ పాపక్క చెయ్యి పట్టుకుంది. తర్వాత తానే గీతాంజలి ఎదురుగా వచ్చి నిలబడి అడిగింది. "గుహకు నీళ్ళు అస్సలు పోనీకుండా మేమే ఆపేస్తే?"

"ఇంకా నూనె వస్తుందమ్మా. కంపెనీ కంటే ముందు మీరే చస్తారు."

"పోస్తే?"

"ఇంకా రాకుండా ఆగుతుంది. కానీ ఇప్పటికే వచ్చింది ఉంటుంది. గుహలో నూనె ఉన్నన్నాళ్ళూ ఈ భయం ఉంటుంది. మొత్తం ఖాళీ చేయించాలి. ఖాళీ అయ్యేదాకా నీళ్ళు పోస్తూనే ఉండాలి."

"ఖాళీ సేస్తే వాళ్ళకేమైతాది?"

"కంపెనీ మూతపడుతుంది."

"అదే నాక్కావాల" అంది అక్కయమ్మ.

ఆ రోజు పొద్దు వాలేదాకా వాదన జరిగింది. శ్రీకాంత్ ఒప్పుకోలేదు. "మన అక్కను చంపినోని గుహకు మనమే నీళ్ళు మోయాల్నా?" అన్నాడు. మంజునాథ్ అన్నాడు, "వాని కోసం కాదురా, మన బోర్ల కోసం. బండ్లు మన చేతుల్లో ఉండాయి. ఎప్పుడు పొయ్యాల్నో, ఎంత పొయ్యాల్నో మనం సెప్తాం." చివరికి అందరూ ఒక మాట మీదికొచ్చారు. మన ట్యాంకర్లు గుట్టకే పోతాయి. నీళ్ళు లోపలికి పోతాయి. నూనె బయటికి పోతుంది. కొత్త నూనె ఒక చుక్క కూడా గేటు దాటి లోపలికి పోదు. అదే మా నినాదమైంది. నీళ్ళు లోపలికి, నూనె బయటికి!

సోమవారం పొద్దున గోపాలప్ప ట్యాంకర్లలో ఒక్కటి కూడా బెళ్ళందూరు పోలేదు. నీళ్ళు నింపుకుని అన్నీ వరసగా వచ్చి కంపెనీ గేటు ముందు నిలబడ్డాయి. టెక్ పార్కులో చీపురు పట్టే చెయ్యి లేదు. యూనియన్ ఆడవాళ్ళు నీలం యూనిఫారాలతోనే నడిచి వచ్చారు. కుందలహళ్ళి రోడ్డు పొడుగునా మనుషులే. పాళ్యం వాళ్ళు తోపుడు బండి మీద సుజాత హండేను తెచ్చారు. గేటుకు దూరంగా, రోడ్డుకు అవతల ఖాళీ జాగాలో రాళ్ళ పొయ్యి మీద దాన్ని పెట్టారు. పాళ్యం బోరు నీళ్ళు నింపారు. కింద కట్టెలు పేర్చారు. టీవీ వాళ్ళు వచ్చారు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మేనేజర్ ఏసీ కారులో నుంచి దిగాడు. తన బండ్లు విడిపించుకోడానికి గోపాలప్ప పరుగున వచ్చాడు.

"ఏమప్పా మంజునాథా, ఏందిది? నా ఉప్పు తిని..."

"నీ ఉప్పు కాదులే అన్నా, మా చెమట" అన్నాడు మంజునాథ్.

మేనేజర్ టీవీల ముందుకు పోయి, నీళ్ళలో ఏ లోపమూ లేదని, పాత పైపుల తుప్పు వాసన అని, భార్యాభర్తల గొడవను కొందరు రాజకీయం చేస్తున్నారని చెప్పాడు. అతను మాట్లాడేది అయ్యేదాకా అక్కయమ్మ ఆగింది. తర్వాత నడిచి పోయి గోపాలప్ప ముందు నిలబడింది. అతని చేతిలో అగ్గిపెట్టె పెట్టింది.

"నీళ్ళలో ఏమీ లేదంట కదప్పా. పొయ్యి ముట్టియ్యి. నీళ్ళు కాగనీ. నువ్వు హండే పక్కనే నిలబడు, సాలు."

గోపాలప్ప నవ్వబోయాడు. "పెద్దదానివి, ఇవన్నీ ఎందుకమ్మా?"

"ముట్టియ్యి."

"మేయ్, నాకు పనుండాది..."

శ్రీకాంత్, ఇంకా నలుగురు కుర్రాళ్ళు అతన్ని హండే దాకా తోశారు. తోసి, చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. పాపక్క అతని చేతిలోని అగ్గిపెట్టె లాక్కుని పుల్ల గీసి పొయ్యి వైపు వంగింది. అప్పుడు గోపాలప్ప గొంతు చీరుకుపోయేట్టు అరిచాడు.

"వద్దు! ముట్టియ్యొద్దు! అంటుకుంటాది! దూరం పోండి, సస్తారు! నన్నిడవండి!"

పాపక్క పుల్ల ఆర్పేసింది. అక్కయమ్మ అడిగింది.

"నీళ్ళు అంటుకుంటాయని నీకెట్ల తెలిసెనప్పా?"

టీవీ కెమెరాలన్నీ అతని మీదే. మేనేజర్ కారు వైపు నడవడం మొదలుపెట్టాడు. అక్కయమ్మ కుర్రాళ్ళను వెనక్కి రమ్మంది. అందరినీ దూరం జరిపింది. పొడుగాటి కట్టె కొనకు గుడ్డ చుట్టి ముట్టించి, తానే దూరం నుంచి హండే మూతికి తగిలించింది. ముందు ఏమీ కాలేదు. గుడ్డ చిటపటమంటూ నీళ్ళ మీద మండింది. తర్వాత నీలం మంట ఆ గుడ్డ చుట్టూ పాకి, హండే అంతా నిండి, మనిషెత్తు లేచింది. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. సుజాత ఎట్లా పోయిందో ఊరంతా అప్పుడు చూసింది.

శ్రీకాంత్ గోపాలప్ప కాలర్ పట్టుకున్నాడు. మంట వైపు ఈడ్చాడు. జనం ఆపలేదు. దారి ఇచ్చారు. గోపాలప్ప కాళ్ళు నేల మీద రాసుకుంటూ పోతున్నాయి. నేను వెళ్ళి శ్రీకాంత్‌ను పట్టుకోవాలి. నేను కదల్లేదు. నిజం చెబుతున్నాను, కదల్లేదు.

"ఇడువు" అంది అక్కయమ్మ.

"పెద్దమ్మా!"

"ఇడువురా. ఒక్కసారి సస్తే వానికి సుఖం. వానికి అంత సుఖం ఇచ్చేకి నాకు మనసు లేదు. వాడు బతకాల. ఆ గుహ ఖాళీ అయ్యేది సూడాల. జైల్లో కూసోని దినమూ తలుసుకోవాల. నా బిడ్డ పేరు వినపడినప్పుడంతా వానికి సెమట పట్టాల."

శ్రీకాంత్ విసిరినట్టు వదిలేశాడు. గోపాలప్ప మట్టిలో పడ్డాడు, పడినవాడు పడినట్టే పాకుతూ పోలీసుల కాళ్ళ దగ్గరికి పోయాడు. అతనికి ఆ అవమానం చాలదని మీకనిపిస్తే, నాకూ అట్లాగే అనిపించింది.

లాఠీలు లేచాయి. నా భుజం విరిగింది. గీతాంజలి నుదురు చిట్లింది. మంట పెట్టిందని అక్కయమ్మను, కంపెనీ రహస్యాలు బయటపెట్టిందని గీతాంజలిని వ్యాన్ ఎక్కించారు. వ్యాన్ జాలీ వెనక నుంచి అక్కయమ్మ గొంతు వినిపించింది. "నీళ్ళు లోపలికి!" రోడ్డంతా బదులు పలికింది. "నూనె బయటికి!"

వాళ్ళిద్దరినీ కోర్టుకు తెచ్చిన రోజు అచ్యుత్‌కు బెయిల్ విచారణ. జడ్జి ముందు అక్కయమ్మ చెప్పింది. "సామీ, నా అల్లుడు తాగుతాడని సెప్పినాను, నిజమే. ఒకసారి కొట్టినాడని సెప్పినాను, అదీ నిజమే. చంపినాడని నేను సెప్పలేదు. నా నోట్లో లేని మాట పోలీసులు రాసుకున్యారు. నా బిడ్డను చంపినోళ్ళ పేర్లు నేను సెప్తాను, రాసుకోండి. గోపాలప్ప. కంపెనీ మేనేజరు. మూడోది ఈ ఇన్‌స్పెక్టరు." కోర్టు హాల్లో గుసగుసలు రేగాయి. అచ్యుత్‌కు బెయిల్ వచ్చింది. గీతాంజలికీ వచ్చింది. అక్కయమ్మకు రాలేదు.

మెట్ల మీద అచ్యుత్, అక్కయమ్మ ఎదురుపడ్డారు. పెండ్లయినప్పట్నుంచీ ఇద్దరికీ పడేది కాదని పాళ్యంలో అందరికీ తెలుసు. అతను వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె భుజం పట్టి లేపింది. "ఏడిస్తే ఇంటికి పోయి ఏడు. గేటు దగ్గర మగోళ్ళు తక్కువుండారు. బండెక్కు."

అచ్యుత్ ఇంటికి పోలేదు. కోర్టు నుంచి నేరుగా వచ్చి ట్యాంకర్ ఎక్కాడు.

అప్పటి నుంచి గేటు మాది. మా డ్రైవర్లు గుట్ట సంపు నింపుతున్నారు. గీతాంజలి పోయి, మూత వేసిన ఆ బావి మూత తీసింది. నీటిమట్టం ఎంత ఉందో రోజూ వచ్చి అందరికీ గట్టిగా చెబుతుంది. పాపక్కకు ఆమె మీద కోపం పోలేదు. అయినా ఆమె నుదుటి కట్టు మాత్రం తనే మారుస్తుంది. కంపెనీ కొన్ని రోజులు బిగదీసుకుంది. టీవీల్లో ఆ మంట మళ్ళీ మళ్ళీ వచ్చాక, గోపాలప్పను అరెస్టు చేయక తప్పలేదు. మేనేజర్ పరారయ్యాడు. గుహ ఖాళీ చేస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఖాళీ లారీలు లోపలికి పోయి, నూనె నింపుకుని బయటికి రావాలి.

ఖాళీవో కావో మేము చూసే పంపుతాము. పాపక్క రోకలి పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. ఇనుము తగిలితే నిప్పు రాలుతుందని చెక్క రోకలే వాడతాము. లారీ వస్తే ట్యాంకు మీద ఒక దెబ్బ. గుల్లగా మోగితే దారి ఇస్తాము. రాళ్ళు కొట్టిన చెవులకు ఆ తేడా చెప్పక్కర్లేదు.

నిన్న పొద్దున ఒక లారీ వచ్చింది. ముందు పోలీసు జీపు, వెనక పోలీసు వ్యాన్లు. దిగింది అదే ఇన్‌స్పెక్టర్.

"ఖాళీ లారీ. లోపలున్నది తీసుకుపోయేకి వచ్చింది. దారి విడవండి" అన్నాడు.

"ఖాళీ అయితే కొట్టి సూస్తాము సార్" అన్నాడు అచ్యుత్.

"పోలీసు మాట మీద నమ్మకం లేదా?"

"లేదు" అంది పాపక్క.

రోకలి ఎత్తి కొట్టింది. మొద్దు చప్పుడు. ఇంకోసారి, వెనకున్నవాళ్ళకు కూడా వినిపించేట్టు గట్టిగా కొట్టింది. నిండు ట్యాంకు చప్పుడు. కొత్త నూనె లోపలికి తెస్తున్నారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. మంజునాథ్ తన ట్యాంకర్ తెచ్చి గేటుకు అడ్డంగా పెట్టి, ఇంజన్ ఆపి, తాళం చెవి తీసుకుని దిగాడు. దాని పక్కన అచ్యుత్ బండి. దాని పక్కన ఇంకోటి. టెక్ పార్కులో షిఫ్టు దిగిన తుడిచేవాళ్ళు బస్సులెక్కకుండా ఇటే నడిచి వస్తున్నారు. మీలాంటి విద్యార్థులు కొందరు వాళ్ళతో ఉన్నారు.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఎత్తాడు. పాపక్క రోకలి దించలేదు. మొదటి లాఠీ ఆమె మీదే పడింది. రెండోది లేవకముందే పాళ్యమంతా ముందుకు కదిలింది.